కుట్టు బట్టకంటే గట్టిదైతే: ఒక టెక్స్‌టైల్ విద్యార్థిని ప్రాజెక్టు కేస్ స్టడీ

నేపథ్యం

టెక్స్‌టైల్ డిజైన్ చదివే పిల్లలకు చివరి ఏడాది ప్రాజెక్టులో గైడ్‌గా ఉండటం నా పనిలో ఒక భాగం. ఇది అలాంటి ఒక ప్రాజెక్టు కథ. విద్యార్థిని సరేనన్నాకే రాస్తున్నాను. ఆమె పేరు, కాలేజీ, సంవత్సరం, సాయపడ్డ నేతకారుల వివరాలు కావాలనే వదిలేశాను. మనుషుల గురించిన కొన్ని సంగతులు మార్చాను. బట్ట గురించి, నూలు గురించి మాత్రం ఉన్నదున్నట్టే రాశాను.

అమ్మాయిది నేత కుటుంబం కాదు. కోర్సులో చేరాకే మొదటిసారి మగ్గం మీద కూర్చుంది. చేతిలో మంచి పనితనం ఉంది, అంతకుమించి ఓపిక ఉంది. ఆమె ప్రతిపాదనలో మూడు భాగాలున్నాయి. ఇళ్లలో వాడి పక్కన పెట్టేసిన నూలు చీరలను విజిబుల్ మెండింగ్‌తో, అంటే చిరుగును దాచకుండా బాగుచేసిన సంగతి కనబడేలా కుట్టి, మళ్లీ కట్టుకునేలా చేయడం మొదటిది. బాగుకాని చీరలను పీలికలు చేసి పేకగా, అంటే మగ్గం మీద అడ్డంగా వేసే పోగుగా, నేయించడం రెండోది. ఈ రెండింటిలో తెలిసినదాన్ని పట్టుకుని సొంతంగా ఒక కొత్త బట్ట డిజైన్ చేయడం మూడోది.

మూడ్‌బోర్డు (ఆలోచనల కోసం ఫొటోలు అతికించుకునే బోర్డు) నిండా జపాన్ ఫొటోలే. ఉత్తర జపాన్‌లో చలికి పత్తి పండని ప్రాంతాల పేద రైతు కుటుంబాలు అతుకు మీద అతుకు వేసుకుంటూ తరాల తరబడి వాడిన బోరో బట్టలు, నీలిమందు గుడ్డ మీద తెల్లదారంతో సాషికో కుట్లు. మన ఇళ్లలో పాత చీరలు పొరలుగా పరిచి కుట్టే బొంత ఆ బోర్డు మీద ఒక్కటీ లేదు. నేనప్పుడు ఆ మాట ఎత్తలేదు. నచ్చినచోట మొదలుపెట్టనిస్తే పిల్లలు పనిలో దిగుతారు. ఏ కుట్టు ఎక్కడ నిలుస్తుందో ఎలాగూ బట్టే చెబుతుంది, అది చెబితే వాదన ఉండదు.

సమస్య

కొన్ని వారాలకు ఒక చీర పట్టుకుని వచ్చింది. జరీ అంచు ఉన్న మంగళగిరి నూలు చీర. తుంటి దగ్గర పడ్డ చిరుగును ఎర్రదారంతో దగ్గరదగ్గరగా, చుక్క తప్పకుండా కుట్టింది. ఫొటోలు చూసి క్లాసంతా మెచ్చుకున్నారు. చీరను మళ్లీ వాడకంలో పెట్టి, మామూలుగా ఉతుకుతూ ఉంటే కొన్ని ఉతుకులకే చిరిగింది. విచిత్రమేమిటంటే కుట్టు ఎక్కడా ఊడలేదు. కుట్టు గీత ఆగిన చోట, దాని పక్కనే, గీత గీసినట్టు కొత్త చిరుగు.

"మేడం, నా కుట్టు గట్టిగానే ఉంది కదా, బట్ట ఎందుకు చిరిగింది?" అని అడిగింది. ఆ ప్రశ్నలోనే సగం జవాబుంది. కానీ అది నేను చెప్పేకంటే తను చూడటం మేలనిపించి పిక్ గ్లాస్, అంటే బట్టలో పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం, చేతికిచ్చాను.

ఒకే చీరలో రెండు చోట్ల చూసింది: చిరుగు పక్కన ఒకసారి, నడుము దగ్గర దోపుకునే లోపలి చెరగులో ఒకసారి. అంగుళానికి పోగుల లెక్క రెండు చోట్లా దాదాపు ఒకటే. పోగుల తీరు మాత్రం ఒకటి కాదు. చెరగులో పోగు గుండ్రంగా, కాస్త నూగుతో ఉంది. చిరుగు పక్కన నూగంతా రాలిపోయి, పురి సడలి, చదునుగా అయిపోయింది. రెండు చోట్ల నుంచీ ఒక్కో పోగు లాగి బొటనవేళ్ల మధ్య పట్టి సాగదీయమన్నాను. చెరగు పోగు కొంచెం ఆగి టప్పున తెగింది. తుంటి దగ్గరి పోగు చప్పుడు చేయకుండా విడిపోయింది. చీరను కిటికీకి అడ్డంగా పట్టుకుంటే ఆ పలుచన ఎంతమేర ఉందో తెలిసింది. చిల్లు అంగుళమే. దాని చుట్టూ అరచేయంత మేర బట్ట అయిపోయి ఉంది.

ఆమె వాడింది మూడు పేటల పాలిస్టర్ కుట్టుదారం. బట్టేమో 80 నంబరు ఒంటిపోగు నూలు. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం. కూర్చున్నప్పుడు లాగుడు పడితే సాగాల్సిన చోట బట్ట సాగాలి. పాలిస్టర్ గీత సాగనివ్వదు, తెగదు. ఆ భారమంతా కుట్టు ఆగిపోయిన చోట మొదటి నూలుపోగు మీద పడుతుంది. కుట్టు ఎంత దట్టంగా వేస్తే సూది అన్ని పోగులను గుచ్చి తెంపుతుంది కూడా. బోరోలో ఈ సమస్య రాకపోవడానికి కారణం ఆ బట్ట మందం. లోపల పొరల మీద పొరలుంటాయి, దారమూ బట్టా రెండూ మొక్కల పీచువే. ఆమె అక్కడి కుట్టును తెచ్చుకుంది గానీ, దాని కింద ఉండాల్సిన గుడ్డ మన వేసవి చీరలో లేదు.

చేసి చూసినవి

తర్వాత ఆమెకు తట్టింది మాసిక. కొత్త చేనేత నూలు ముక్క కత్తిరించి వెనక నుంచి వేసింది. దారం కూడా నూలుదే. ఈసారి ఒక్క ఉతుకు చాలింది. గంజి పోని కొత్త ముక్క నీళ్లు తగలగానే ముడుచుకుంది, ఏళ్లుగా ఉతికిన చీర ముడుచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. మాసిక చుట్టూ బట్ట కుచ్చులు తేలింది. ముక్కను ముందే ఉతికి, ఎండబెట్టి వేసినప్పుడు కుచ్చులు రాలేదు గానీ, అంచులు లోపలికి మడిచి కుట్టిన చోట గట్టి గట్టులా తయారైంది. అదే గట్టు వెంట మళ్లీ చిరుగు. మొదటి చీరలో జరిగిందే ఇంకో రూపంలో జరిగింది.

ఇస్త్రీతో అంటుకునే ఫ్యూజింగ్ గుడ్డ వేసి చూస్తానంది. చూడమన్నాను. అట్టలా బిగుసుకుపోయింది. పైగా నూలు చీరలో జిగురు, సింథటిక్ కలిశాక అది ఇక నూలు బట్ట కాదు. పానిపట్‌లో పాత ఊలు దుస్తులను రంగులవారీగా వేరుచేసి, చింపి, మళ్లీ వడికి దుప్పట్లు నేస్తారు. అలాంటి ఏ పనిలోనైనా మొదటి అడ్డంకి కలగాపులగం పీచే. ప్రాజెక్టు పేరులో సస్టెయినబుల్ అని పెట్టుకుని ఒకే పీచుగా ఉన్నదాన్ని మిశ్రమం చేయడం అర్థం లేని పని అని ఆమే పక్కన పెట్టేసింది.

ఈలోగా రెండో భాగం మొదలైంది. జంపఖానాలు నేసే ఒక పెద్దాయన దగ్గరికి వరంగల్ వైపు పంపాను. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. నేను అక్కడికే పంపడానికి కారణం గుర్తింపు కాదు. జంపఖానాలో పేక పడుగును, అంటే నిలువు పోగులను, పూర్తిగా కప్పేస్తుంది, పడుగు లావు నూలు. పీలికలను పేకగా వేస్తే తట్టుకోగల నేత అది. చీర నేసే సన్నటి పడుగు మీద పీలికలు వేస్తే పడుగే తెగుతుంది.

మొదటి ముక్క సగంలోనే ఆగింది. కారణాలు ఆసక్తికరమైనవి. ఆమె చీరను అడ్డంగా, అంటే పన్నా (వెడల్పు) వెంట చింపింది, ఎందుకంటే అలా చింపడం తేలిక. అప్పుడు పీలిక పొడవునా ఉండేవి పేక పోగులు, అవీ అరిగినవే. పేకను దగ్గరికి కొట్టే పంజాతో దెబ్బ వేసేసరికి పీలిక పుటుక్కుమంది. ముడులు వేసి అతికితే ముడి ఉన్నచోటల్లా బొడిపె. ఒక పీలికకూ ఇంకో పీలికకూ మందంలో తేడా ఉండటంతో అంచు వంకర్లు పోయింది. ఇంకో ఇబ్బంది, నేను ముందే ఊహించింది, కూలీది. ఆయనకు ముక్క లెక్కన డబ్బు. పీలిక తెగిన ప్రతిసారీ మగ్గం ఆగుతుంటే ఆ లెక్క ఆయనకు గిట్టదు. ఈ ప్రయోగం సాగినన్నాళ్లూ రోజుకూలీ లెక్కన ఇవ్వాలని ప్రాజెక్టు బడ్జెట్ మార్చాం. ప్రింటింగ్‌కు పెట్టుకున్న డబ్బు అటు పోయింది. విద్యార్థి ప్రయోగం ఖర్చు నేతకారుడి కూలీలోంచి రాకూడదు. ఈ విషయంలో నేను ఏ విద్యార్థితోనూ బేరమాడను.

పీలికలను పొడవునా చింపాక, వేసేముందు చేత్తో కాస్త పురి తిప్పాక, ఒక వరస పీలిక, రెండు వరసలు మామూలు నూలు పేక చొప్పున వేశాక నేత సాగింది. ముడికి బదులు రెండు కొనలను కోసుగా కత్తిరించి ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి నేయడం పెద్దాయన చెప్పిన ఉపాయమే.

మలుపు

ఆయన దగ్గర ఉన్నప్పుడే, మగ్గం పనిలో ఖాళీ దొరికితే ఆమె ఒక చీరను బాగుచేస్తూ కూర్చునేది. అప్పటికి పాలిస్టర్‌ను మానేసింది. చీరకు బయటి దారం వద్దు, చీరలోదే కావాలన్న ఆలోచన వచ్చింది. బెంగాల్ కాంతాల్లో, అంటే మన బొంతల్లాంటివాటిలో, పాత చీరల అంచుల్లోంచి లాగిన దారంతో కుట్టే ఆనవాయితీ ఉంది. అది ఆమె చదివింది. నడుము దగ్గర లోపల దోపుకునే చెరగు అసలు అరగదు, కనబడదు. అక్కడ రెండంగుళాలు కత్తిరించి విప్పితే దారం దొరుకుతుంది. లెక్క వేశాం. అంగుళానికి 60 పేక పోగులు, పన్నా 47 అంగుళాలు అనుకుంటే, రెండంగుళాల్లో 120 పోగులు. కలిపితే 140 మీటర్లకు పైమాటే. అంగుళం చిల్లును బాగుచేయడానికి రెండంగుళాల చదరంలో నేతలా అల్లితే ఏడెనిమిది మీటర్లకు మించి పట్టదు. ఒక చీరకు కావాల్సిన దారం ఆ చీరలోనే ఉంది. అదే నూలు, అదే రంగు, అన్ని ఉతుకులూ చూసిన దారం.

ఆలోచన బాగుంది, చేతిలో మాత్రం నిలవలేదు. విప్పిన పోగు వంకీలు తిరిగి ఉంటుంది. ఒంటిపోగు 80 నంబరు నూలు సూదిలో నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి పురి విడిపోయి తెగేది. ఆమె విసుగు చూసి పెద్దాయన అన్నమాట: "గంజి వెట్టకుండ పోగు ఎట్ల నిలుస్తది బిడ్డా? పడుగుకు పెడ్తలేమా?"

మగ్గం మీద పడుగుకు గంజి పెట్టేది అందుకే. పడుగు పోగులు దూరి వెళ్లే దువ్వెనలాంటి పన్నెలో రాపిడికి నూగు లేవకుండా, పోగు తెగకుండా కాపాడుతుంది. పని అయ్యాక ఉతుకులో పోతుంది. సూది కన్నంలోనూ పోగుకు జరిగేది ఆ రాపిడే. పలచటి గంజిలో విప్పిన పోగులను ముంచి, రెండు మేకుల మధ్య కాస్త బిగువుగా చుట్టి ఆరబెట్టింది. వంకీలు పోయాయి, పోగు గట్టిపడింది. మూరెడు ముక్కలుగా వాడితే తెగడం బాగా తగ్గింది. గంజి లావైతే పోగు బిరుసెక్కి బట్టను కోస్తుంది. ఆ పదును రావడానికి కొన్నిసార్లు చేసి చూడక తప్పలేదు.

పనిచేసిన పద్ధతి

చీర తిరగేసి, చిల్లు చుట్టూ గుడ్డ బిగువుగా లాగకుండా చిన్న చట్రంలో పెడుతుంది. బిగువుగా పెడితే చట్రం తీశాక అల్లిక ఉబ్బుతుంది. ముందు పడుగు దిశలో పోగులు. చిల్లు అంచు దగ్గర కాకుండా, పలుచన దాటి గట్టి బట్ట తగిలే చోట మొదలు. వరసలన్నీ ఒకే గీత మీద ఆపకూడదు. ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక. అన్నీ ఒకే గీత మీద ఆగితే లాగుడంతా అక్కడే పడుతుంది, మొదటి చీరలో జరిగింది అదే. వరస తిరిగే ప్రతి మలుపులో చిన్న ఉచ్చు వదులుతుంది, ఉతుకులో పోగు ముడుచుకుంటే సర్దుకోవడానికి. ఆ తర్వాత పేక దిశలో ఒకటి పైన, ఒకటి కింద. దట్టం అసలు బట్టలో సగమే. పూర్తి దట్టంగా అల్లితే ఆ చోటు బిల్లలా బిగుసుకుంటుంది.

మరి కనబడటం? చీరలోని పోగుతో చీరనే అల్లితే అది రఫ్ఫు అయింది. రఫ్ఫు చేసేవారి గొప్పతనం ఎక్కడ చేశారో తెలియనివ్వకపోవడం. ఆమెకు కావాల్సింది దానికి వ్యతిరేకం. పడుగు దిశలో చీర రంగు పోగులే ఉంచి, పేక దిశ పోగులకు మాత్రం రంగు వేసింది. కరక్కాయ, పటిక పట్టించి మంజిష్ఠలో ఉడికించిన ఎరుపు. చిల్లు ఉన్నచోట చిన్న గళ్లు తేలాయి. దూరం నుంచి చూస్తే నేతలోనే వేసినట్టుంటాయి, దగ్గరికొస్తే సంగతి తెలుస్తుంది.

ఎరుపు ఆమె మొదటి ఎంపిక కాదు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టి చేసే కలంకారీ నలుపు కావాలంది. నేను అడ్డుపడ్డాను. ఇనుము కలిసిన నలుపు కాలం గడిచేకొద్దీ నూలు పీచును తినేస్తుంది. పాత అద్దకం గుడ్డల్లో నల్ల గీతల వెంటే చిల్లులు పడటం మ్యూజియంలలో చూడొచ్చు. అసలే అరిగిన పోగుకు ఆ రంగు వద్దన్నాను. అలిగింది, కానీ ఒప్పుకుంది.

పరీక్ష ఎలా చేయాలన్నదాని మీద కాస్త చర్చ నడిచింది. ల్యాబ్‌లో బలం కొలిచే యంత్రం ఉంది. కొత్త బట్టకు అది చాలు. పాత చీరలో ఒక్కో అంగుళం ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆ అంకెలు ఏమీ చెప్పవు. అందుకని ఒకే చీరలో పాలిస్టర్ కుట్టు, ఉతికిన మాసిక, గంజిపోగు అల్లిక పక్కపక్కనే వేసి, ఇంట్లో వాడే సబ్బుతో బండమీద ఉతికి, ఎండలో ఆరబెట్టి, ప్రతిసారీ వెలుతురుకు పట్టుకుని ఫొటో తీయమన్నాను. మొదటి రెండింటి పక్కన చిరుగులు మొదలయ్యాక కూడా అల్లిక పక్కన బట్ట నిలిచింది. ఆఖరికి అల్లికలోనూ పోగులు తెగాయి. తెగింది అల్లికే, చీర కాదు. విప్పేసి మళ్లీ అల్లుకోవచ్చు. నేను కోరుకున్నది సరిగ్గా అదే.

అన్ని చీరలకూ ఇది పనికిరాదని కూడా ఆ ఫొటోలే చూపించాయి. అప్పటి నుంచి చీర రాగానే కిటికీ దగ్గర పట్టుకుని చూడటం, పోగు లాగి చూడటం, ఆ తర్వాతే నిర్ణయం. చుట్టూ గట్టి బట్ట దొరికితే అల్లిక. గట్టి బట్ట ఎక్కడా అందకపోతే నాలుగైదు పొరలు వేసి బొంత. బొంతలో భారం పొరలన్నీ పంచుకుంటాయి, దూరం దూరం కుట్లు చాలు. దానికీ ఆగకపోతే పీలికలు. చాలాసార్లు ఒకే చీర మూడు చోట్లకు వెళ్లింది: కొంగు ఒకచోటికి, కుచ్చిళ్ల భాగం ఇంకోచోటికి. మూడ్‌బోర్డు మీద బొంత ఫొటో ఎప్పుడొచ్చి చేరిందో నేను గమనించలేదు.

కొత్త బట్ట

చివరి భాగానికి ఆమె నేయించింది చాలా సాదా చీర. జూరీలో ఒకరు "ఇందులో డిజైన్ ఏది?" అన్నారు. ఆమె జవాబు నాకు నచ్చింది. చిరిగినప్పుడు బాగుచేసుకోవడానికి ఏమేం అడ్డొచ్చాయో వాటిని తీసేయడమే డిజైన్ అంది.

జరీ తీసేసింది. ఇప్పుడు మామూలుగా దొరికే జరీలో లోపల పాలిస్టర్ పోగు ఉంటుంది. నూలు ముడుచుకుంటే అది ముడుచుకోదు. ఆమె చేతికొచ్చిన చీరల్లో అంచు కలిసే చోట చిరిగినవి చాలానే ఉన్నాయి. అంచును కూడా అదే నూలుతో, వేరే రంగులో వేయించింది. పడుగుకూ పేకకూ ఒకే 2/100 నూలు, అంటే 100 నంబరు పోగులు రెండు కలిపి పురిపెట్టినది. రెండు పేటలు కాబట్టి సూదిలో ఒంటిపోగుకంటే బాగా ఆగుతుంది. నేత కూడా సాదా నేతే. డాబీ బుటా (నేతలోనే తేల్చే చిన్న పూల డిజైన్) అయితే అల్లికలో దాన్ని తిరిగి తేవడం మామూలు మనిషి వల్ల కాదు.

బాగుచేసుకునే దారం ఎలా ఇవ్వాలన్న దగ్గర ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం. చీరతోపాటు ఒక చిన్న కండె, అందమైన లేబుల్‌తో ఇద్దామని ఆమె. ఆ నూలు 5 గ్రాములంటేనే 420 మీటర్ల పైన వస్తుంది, బరువూ లేదు, ఖర్చూ లేదు. చూపరులకు కూడా బాగుంటుంది. నా అభ్యంతరం వేరు. బీరువాలో పదేళ్లు కూర్చున్న కండె కొత్త నూలుగానే ఉంటుంది, చీర మాత్రం పాతబడుతుంది. మళ్లీ పాత బట్టకు కొత్త దారం, మళ్లీ మొదటి సమస్య. పైగా కండె ఎక్కడ పెట్టామో ఎవరికి గుర్తుంటుంది? ఆఖరికి లోపలి చెరగులోనే నాలుగంగుళాలు అదనంగా నేయించి, అక్కడొక రంగు పోగు గీతతో గుర్తు పెట్టింది. అయిదున్నర మీటర్ల చీరలో అది రెండు శాతం కూడా కాదు. చీరతోపాటే ఉతుకుతుంది, చీరతోపాటే పాతబడుతుంది, ఎటూ పోదు.

ఇందులో నాకు పనికొచ్చినవి

ఆ తర్వాత వచ్చిన విద్యార్థులతో నేను మార్చుకున్నది ఒకటుంది. బాగుచేసిన బట్టకు ఫొటో తీసిన రోజున మార్కులు వేయను. కొన్ని ఉతుకులయ్యాక తెమ్మంటాను. కుట్టు ఎంత గట్టిగా ఉందని కాకుండా, లాగుడు పడితే ముందు ఏది తెగుతుందని అడుగుతాను. ముందు తెగాల్సింది కుట్టే. ఇది అనగానే పిల్లలు వింతగా చూస్తారు, ఇంట్లో అమ్మలు గట్టిగా కుట్టమని చెప్పి పెంచారు కదా.

నేతకారుల దగ్గరికి పంపేటప్పుడు, "ఈ డిజైన్ నేసిపెట్టండి" అని కాగితం ఇచ్చి పంపే అలవాటు చాలా చోట్ల ఉంది. ఈ ప్రాజెక్టులో అసలు చిక్కు విడిపోయింది పెద్దాయన చేతిలో పని లేకుండా ఈమె సూదిని చూస్తూ కూర్చున్న పూట. రోజుకూలీ ఇవ్వకపోతే ఆయనకు అలా కూర్చునే వీలుండేది కాదు.

తేలని విషయం ఖర్చు. అంగుళం చిల్లు అల్లడానికి ఆమెకే దాదాపు ఒక పూట పడుతుంది. ఆ పూటకు న్యాయమైన కూలీ కడితే పవర్‌లూమ్ చీర కొత్తదే వస్తుంది. అందుకే బాగుచేసిన చీరలను అమ్మే ఆలోచన మానుకుని, చీర ఎవరిదో వాళ్లకే నేర్పడం మొదలుపెట్టింది. నేర్చుకున్నవాళ్లలో కొందరు పూర్తిచేశారు, ఎక్కువమంది సగంలో వదిలేశారు. వదిలేసినవాళ్లు దాదాపు అందరూ చెప్పిన కారణం కళ్లు. 80 నంబరు పోగును మధ్యవయసులో సూదిలోకి ఎక్కించడం నిజంగానే కష్టం. ఇప్పుడు కాస్త లావు నూలు చీరలు, తువ్వాళ్లు, పంచెలతో నేర్పుతోంది.

ఇది చదివి ఎవరైనా చేసి చూడాలనుకుంటే ఒక జాగ్రత్త. ఇదంతా నూలు బట్టకే. పాత పట్టు చీర మడతల వెంట నిలువునా చీలుతుంది, అక్కడ పోగు సూదినే తట్టుకోదు. గంజి పట్టుకు పెట్టొద్దు. అలాంటి చీరలు మా దగ్గరికీ వచ్చాయి, ముట్టుకోకుండా తిరిగి ఇచ్చేశాం.